రెండు కొక్కేల దారం

ఓర్వకల్లు రాళ్ల గుట్టల్లోకి మేకలు తోలుకొచ్చిన నాగక్కకు ముందు చెప్పు కనిపించింది. తర్వాత కాలు.

మనిషి బండకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. నోటి చివర నురగ ఎండిపోయింది. కుడి చీలమండ పైన రెండు చుక్కలు, చుట్టూ నల్లటి వాపు.

గంట తర్వాత వచ్చిన కానిస్టేబుల్ ఆ చుక్కలు చూసి నోట్‌బుక్ మూసేశాడు.

"పాము."

"ముప్పై ఏండ్లుగా ఈడ మేకలు మేపుతాండా సార్," అంది నాగక్క. "పాము కరిస్తే మనిషి పరిగెత్తుతాడు, అరుస్తాడు, కాలికి గుడ్డ కట్టుకుంటాడు. ఈయప్ప ఏమీ చెయ్యలే. ఎవురో తెచ్చి కూర్చోబెట్టినట్టుండాడు."

కానిస్టేబుల్ ఆ మాట రాసుకోలేదు.

చనిపోయినవాడి పేరు డాక్టర్ మహానంది. వయసు నలభై ఒకటి. పాము కాటుకు కొత్త మందు తయారు చేసిన శాస్త్రవేత్త.

*

సోమవారం, హైదరాబాద్. బోర్డు లేని ఒక ప్రభుత్వ ఆఫీసులో చీఫ్ తిరుమలయ్య పోస్టుమార్టం రిపోర్టును బల్ల మీదుగా తోశాడు.

"రక్తంలో నాలుగు విషాలున్నాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి."

ఏజెంట్ వీరభద్ర రిపోర్ట్ తెరవలేదు. "ఒకే కాటులోనా?"

"ఒకే కాటులో. అలాంటి పాము ఇంకా పుట్టలేదు. కానీ అలాంటి మిశ్రమం హంద్రీ బయోలాజిక్స్ ఫ్రిజ్‌లో ఉంటుంది. కొత్త మందు విషాన్ని అడ్డుకుంటుందో లేదో పరీక్షించడానికి వాడతారు. ఓర్వకల్లు ఇండస్ట్రియల్ ఏరియా. మహానంది అక్కడే పనిచేసేవాడు."

"ఆ మందులో ఏముంది?"

తిరుమలయ్య కళ్లజోడు తీశాడు. "మామూలు పాము కాటు మందంటే గుర్రం రక్తంలోంచి తీసిన ప్రోటీన్ ముక్కలు. దానికి రెండు బలహీనతలు. వేడి తగిలితే పాడవుతుంది. ఒంట్లోకి వెళ్లాక రోజు తిరిగేసరికి కిడ్నీలు చాలావరకు వడగట్టేస్తాయి. కాటు చుట్టూ కండలో ఆగిన విషం మాత్రం రెండో రోజూ మూడో రోజూ ఊరుతూనే ఉంటుంది. మందు పోయాక విషం మళ్లీ లేస్తుంది."

"మహానంది దాన్ని ఆపాడా?"

"ఆ ప్రోటీన్ ముక్కలకు పొడవాటి పాలిమర్ దారాలు అతికించాడు. గొర్రెల కాపరి కంబళి కప్పుకున్నట్టనుకో. ఎండకు చెడదు. కిడ్నీ జల్లెడలోంచి జారదు. వారం రోజులు రక్తంలో తిరుగుతుంది. కరెంటు లేని ఆరోగ్య కేంద్రంలో, నలభై నాలుగు డిగ్రీల ఎండలో, చెక్క బీరువాలో పెట్టినా పనిచేస్తుంది."

"చంపింది ఎవరు?"

"కోబాల్ట్. యూరప్‌లో ఆఫీసు, దేశదేశాల్లో క్లయింట్లు. మందుల రహస్యాలు దొంగిలించి అమ్మే ముఠా. వాళ్ల మనిషి రైనర్ వోస్ నాలుగు నెలలుగా హంద్రీలో కన్సల్టెంట్ వేషంలో ఉన్నాడు. ఆ సంగతి మనకు చెప్పింది సుచరిత. క్వాలిటీ కంట్రోల్ హెడ్. మూడు నెలలుగా మన ఇన్‌ఫార్మర్." తిరుమలయ్య కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "గురువారం ఉదయం పదకొండింటికి కడపలో ఆరుగురు వాలంటీర్ల మీద మొదటి ట్రయల్. అందరూ ఆరోగ్యవంతులే. మందు మనిషి ఒంటికి పడుతుందా లేదా చూస్తారు. ఈలోపు ఫార్ములా దేశం దాటకూడదు."

ఫార్ములా గురించి మాత్రమే ఆలోచించడం ఆ రోజు వాళ్లిద్దరూ చేసిన తప్పు.

*

మంగళవారం ఉదయం హంద్రీ గేటులోకి, ల్యాబ్‌ను చల్లబరిచే చిల్లర్ యంత్రాలు బాగుచేసే మెకానిక్ హనుమేష్ వచ్చాడు. ఖాకీ చొక్కా, గ్రీజు మరకల ప్యాంటు, బుగ్గన వక్కపొడి, ఆదోని యాస. యాస కోసం ఆ వేషంలో ఉన్న వీరభద్ర కష్టపడనక్కర్లేకపోయింది. పుట్టింది ఆ పక్కనే. టూల్ బ్యాగ్‌లోని ప్రెషర్ గేజ్ మాత్రం ప్రెషర్ చూపించదు. దాని ముల్లు వెనక కెమెరా ఉంది.

సుచరిత ల్యాబ్ అద్దాల గదిలో ఒక్కతే ఉంది. తెల్ల కోటు కింద జరీ అంచు చీర, చెవులకు పచ్చరాళ్లు, గదంతా సన్నటి సెంటు వాసన. రాజంపేటలో మూడు తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న ఇంటి పిల్ల. జర్మనీలో చదువుకుంది. ఎవరినైనా చూస్తే ఆ మనిషి తప్ప ప్రపంచంలో మరెవరూ లేరన్నట్టు చూస్తుంది.

"చిల్లర్ నీళ్లు ఎంతలో ఉండాయి మేడమ్?"

"నాలుగు డిగ్రీలు. శుక్రవారం మాత్రం పదకొండు చూపించింది."

కోడ్ సరిపోయింది. అతను ఏసీ మూత విప్పాడు. ఆమె కంప్యూటర్ నుంచి తల తిప్పకుండా మాట్లాడింది.

"మహానంది ఫైళ్లన్నీ వోస్ కాపీ చేశాడు. ఇంకా బయటికి దాటించలేదు. గురువారం అందరూ ట్రయల్ హడావిడిలో ఉంటారు. పదింటి ఫ్లైట్‌కి ఇక్కణ్నుంచే బెంగళూరు వెళ్తాడు. ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకోండి."

"కడప ట్రయల్‌కు పోడా?"

"అతనికి అక్కడ పనేముంది?"

ఆమె బల్ల మీద ట్రయల్‌కు వెళ్లే బ్యాచ్ నాణ్యత సర్టిఫికెట్ ఉంది, కింద గ్రాఫ్‌తో. వీరభద్ర గేజ్‌ను దాని పక్కన పెట్టి స్క్రూ బిగించినట్టు నటించాడు. అలవాటు కొద్దీ తీసిన ఫొటో అది. అనుమానంతో తీసింది కాదు.

*

బుధవారం మధ్యాహ్నం మహానంది ఇంటికి వెళ్లాడు. మహానంది భార్య భువన కుట్టు మిషన్ ముందు కూర్చుని ఉంది. మిషన్ మీద బట్ట లేదు. కాలు మాత్రం పెడల్ మీదే ఉంది.

"కంపెనీ నుంచి వచ్చినాను అమ్మా. డాక్టర్ గారి రూములో చిల్లర్ చూస్తాండేది నేనే," అన్నాడు వీరభద్ర.

"కూర్చో అన్నా. కంపెనీ నుంచి పూలదండ వచ్చింది. మనిషి వచ్చింది నువ్వొక్కడివే."

అతను అబద్ధపు పేరుతో ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగాడు. ఉద్యోగంలో ఇలాంటివి ఎన్ని తాగినా గొంతు దిగేటప్పుడు బరువుగానే ఉంటాయి.

"ఆ ముందురోజు ఏమన్నా చెప్పినాడా అమ్మా?"

"అన్నం ముందర పెట్టుకోని తినలేదు. 'రెండు కొక్కేలది వచ్చింది భువనా' అన్నాడు. నాకేమర్థమైతాది? బ్లౌజు కొక్కేలనుకుంటి. నవ్వితి కూడా." ఆమె పెడల్ మీంచి కాలు తీసింది. "పొద్దున్నే ఎవురో ఫోన్ చేసిరి. గుట్టలకాడికి రమ్మన్నారంట. తెలిసినోళ్లే, ఇట్లే పోయొస్తా అని పోయె."

"మాట్లాడింది ఆడమనిషా, మగమనిషా?"

"ఆడమనిషే. మేడమ్ మేడమ్ అంటాండె."

ఆమె లేచి జాకెట్ కొలతల పుస్తకంలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. "దీన్ని ఈ పుస్తకంలో పెట్టి పోయినాడు. దీన్ని ఎవురూ చూడరులే అన్నాడు. నీకు అక్కరొస్తే తీస్కపో."

కాగితం మీద గ్రాఫ్ ఉంది. ఒక పెద్ద శిఖరం, దాని పక్కన ఇంకో శిఖరం. కింద బ్యాచ్ నంబర్. నిన్న సుచరిత బల్ల మీద చూసిన నంబరే. ఆ సర్టిఫికెట్ గ్రాఫ్‌లో మాత్రం శిఖరం ఒక్కటే ఉంది.

రెండు ఫొటోలూ హైదరాబాద్ వెళ్లాయి.

*

గురువారం ఉదయం ఆరూ యాభై. ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్ బయట టీ గ్లాసుతో నిలబడ్డ వీరభద్ర చెవిలో తిరుమలయ్య గొంతు వినిపించింది. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే నిదానం లేదు.

"ఫార్ములా కాదు వీరభద్రా. మందే. పాలిమర్ దారానికి ఒక చివరే కొక్కెం ఉండాలి. ఆ కొక్కెం ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, రెండో చివర ఖాళీగా ఊగుతుంది. ఈ బ్యాచ్‌లో ఎవరో డ్రమ్ము మార్చారు. రెండు చివరలా కొక్కేలున్న పాలిమర్ పోశారు. ఒక చివర ఒక ప్రోటీన్, ఇంకో చివర ఇంకోటి. అవన్నీ ఒకదానికొకటి చిక్కుపడి ముద్దలవుతాయి. ఆ రెండో శిఖరం ఆ ముద్దలే."

"రక్తంలోకి పోతే?"

"ఊపిరితిత్తుల్లో అడ్డం పడతాయి. నిమిషాల్లో ప్రాణం పోతుంది. ట్రయల్‌లో ఒక్కడు చచ్చినా చాలు, ఈ దేశంలో ఆ మందును ఇక ఎవరూ ముట్టుకోరు. కోబాల్ట్ క్లయింటు ఆ పేటెంట్‌ను చిత్తుకాగితంలా ఏరుకుంటాడు."

"కడపకు ఫోన్ చెయ్యండి."

"ట్రయల్ వార్డులో అందరి ఫోన్లూ తీసేసుకున్నారు. బయటివాళ్లకు ఒకటే ఎమర్జెన్సీ నంబర్. చేశాను. ఎత్తింది వోస్. నిన్నటి నుంచి కడపలోనే ఉన్నాడు. రాంగ్ నంబర్ అని పెట్టేశాను. యూనిఫాం కనిపించిందా, డోస్ అప్పటికప్పుడే ఎక్కిస్తాడు. ఎస్పీ మనుషులు మఫ్టీలో గేటు బయట ఉంటారు. వార్డులోకి వెళ్లడానికి పాస్ కావాలి. అది సుచరిత దగ్గరుంది."

వీరభద్ర టీ పారబోశాడు.

ఏడుంపావుకు ప్లాంట్ పార్కింగ్‌లో సుచరిత కారు తలుపు తీస్తుండగా అతను కాగితం ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. అబద్ధం ఆడటానికి ప్రయత్నించలేదు.

"ఇది ఎక్కడ దాచాడు?"

"జాకెట్ కొలతల పుస్తకంలో. కారెక్కు. నేను నడుపుతాను."

*

కారు నంద్యాల దాటింది. రోడ్డుకు రెండు పక్కలా కోసిన శనగ చేలు, ఎండకు తెల్లబడ్డ నేల. స్పీడోమీటర్ నూట ఇరవై దగ్గర వణుకుతోంది.

"ఆ కొక్కెం నాది," అంది సుచరిత. "పాలిమర్‌ను ప్రోటీన్‌కు సరిగ్గా ఒక్కచోటే అతికించే పద్ధతి. రెండేళ్లు పట్టింది నాకు. పేటెంట్ మీద మహానంది పేరు ఒక్కటే వచ్చింది. అడిగితే కంపెనీ పొరపాటు, సరిచేయిస్తానన్నాడు. మనిషి మంచివాడే. మరిచిపోయాడు. మంచివాళ్లు మరిచిపోతే ఇంకా మండుతుంది."

"అందుకు చంపేస్తావా?"

"వోస్ నాకు ల్యాబ్ ఇస్తానన్నాడు, నా పేరుతో. ముందు ఫైలు అడిగాడు. ఇచ్చాను. మీవాళ్లకు అతని గురించి చెప్పమన్నది కూడా అతనే. మీరు ఫైలు వెనక పరిగెడుతుంటే డ్రమ్ము వైపు ఎవరూ చూడరన్నాడు. తర్వాత డ్రమ్ము. తర్వాత సంతకం. తర్వాత మహానందికి ఫోన్ చెయ్యమన్నాడు, మాట్లాడి ఒప్పిస్తానన్నాడు."

"నువ్వు నమ్మినావు."

"నమ్మాలనుకున్నాను." ఆమె చెవిరాళ్లు తీసి డాష్‌బోర్డ్ మీద పెట్టింది, ఎందుకో ఆమెకే తెలియనట్టు. "వోస్ దగ్గర పెన్ను ఉంటుంది. మూత తీస్తే రెండు సూదులు. దూరంగా ఉండండి."

మైదుకూరు దగ్గర పసుపు లోడుతో ఉన్న ట్రాక్టర్లు రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయాయి. నలభై నిమిషాలు పోయాయి. కడప ఆసుపత్రి గేటులోకి కారు వెళ్లేసరికి పదీ యాభై ఆరు.

*

మూడో అంతస్తు వార్డులో మొదటి మంచం మీద పెద్ద ఈరన్న పడుకుని ఉన్నాడు. ఆరుగురిలో మొదటి డోస్ అతనికే. ఒక్కడికి ఇచ్చి, రోజంతా చూసి, తర్వాత మిగతావాళ్లకు ఇస్తారు. యాభై రెండేళ్ల గొర్రెల కాపరి. ఛాతీ మీద వైర్లు అతికించి ఉన్నాయి.

నర్స్ మహేశ్వరి సెలైన్ ట్యూబ్ సరిచేస్తూ అడిగింది. "భయంగా ఉందా?"

"ఏమిటికి తల్లీ? మా ఆడమనిషి శెనక్కాయ చేన్లో పాము కరిచి సచ్చిపాయె. ఆసుపత్రిలో మందు ఉండాది గానీ, నాలుగు దినాలు కరెంటు లేక చెడిపోయిందంట. ఈ మందు చెడదంట గదా. అందుకే ఒప్పుకుంటి. ఇంగ ఏసెయ్యి."

డాక్టర్ గడియారం చూశాడు. కిటికీ పక్కన నీలం సూట్‌లో రైనర్ వోస్ నిలబడి ఉన్నాడు. మెడలో ట్రయల్‌ను పర్యవేక్షించే మెడికల్ మానిటర్ బ్యాడ్జి. "సమయమైంది డాక్టర్," అన్నాడు ఇంగ్లీషులో, మర్యాదగా.

మహేశ్వరి మందు సీసాను ట్యూబ్‌కు తగిలించి క్లాంప్ వదిలింది. సన్నటి ద్రవం ట్యూబ్ లోపల కిందికి దిగడం మొదలుపెట్టింది.

తలుపు తెరుచుకుంది. ముందు సుచరిత, మెడలో పాస్‌తో. వెనక టూల్ బ్యాగ్‌తో మెకానిక్.

"ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయని కంప్లైంట్," అంది సుచరిత డాక్టర్‌తో, చాలా మామూలుగా. వీరభద్ర మంచం వైపు నడిచాడు. పరిగెత్తలేదు. పరిగెత్తితే వోస్ చెయ్యి ముందు కదులుతుంది. నాలుగు అడుగులు. మందు ఈరన్న మోచేతికి జానెడు దూరంలో ఉంది. మూడు. బెత్తెడు. రెండు.

"ఎవరు నువ్వు?" అన్నాడు డాక్టర్.

వీరభద్ర వంగి ట్యూబ్‌ను వేళ్ల మధ్య మడిచి నొక్కాడు. సూదికి రెండు వేళ్ల దూరంలో ద్రవం ఆగిపోయింది. ఇంకో చేత్తో సూదిని ఈరన్న చేతిలోంచి లాగేశాడు. నెత్తురు దుప్పటి మీద చిమ్మింది.

"ఆ సీసా ఎవరూ ముట్టుకోవద్దు. అందులో ఉన్నది చావు."

వోస్ పెన్ను మూత తీశాడు. వీరభద్ర అతని చేతినే చూస్తున్నాడు, దెబ్బ తనకే అనుకున్నాడు. కానీ వోస్ వృత్తి తెలిసినవాడు. మెకానిక్‌కు తెలిసింది కొంచెం. సాక్షికి తెలిసింది అంతా. అతను పక్కకు ఒక్క అడుగు వేసి పెన్నును సుచరిత భుజంలో గుచ్చాడు.

ఆమె అరవలేదు. భుజం వైపు చూసుకుని మంచం కమ్మీ పట్టుకుంది.

వీరభద్ర టూల్ బ్యాగ్‌లోని పైపు రెంచి వోస్ మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వార్డంతా వినిపించింది. రెండో దెబ్బ అవసరం లేకపోయినా వేశాడు. దాని గురించి తర్వాత రిపోర్టులో రాయలేదు.

*

మఫ్టీ పోలీసులు పైకి వచ్చి వోస్‌ను తీసుకెళ్లారు. సుచరితకు ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉన్న మామూలు మందే ఎక్కించారు. మొదట పది సీసాలు, తర్వాత ఇంకో పది. సాయంత్రానికి ఆమె లేచి కూర్చుంది. స్టేట్‌మెంట్ ఇచ్చింది. కోబాల్ట్ పేర్లు, ఫోన్ నంబర్లు, డ్రమ్ము వచ్చిన దారి అన్నీ చెప్పింది. తర్వాత కాగితం అడిగి, డ్రమ్ములో రెండు కొక్కేల పాలిమర్ కలిసిందేమో గంటలో కనిపెట్టే పరీక్షను వరసగా రాసింది. తప్పు పోయినచోట కొట్టేసి మళ్లీ రాసింది. కింద సంతకం చేయబోయి ఆగి, కలం పక్కన పెట్టేసింది.

"బాగైనట్టే ఉన్నావు," అన్నాడు వీరభద్ర.

"రేపు మధ్యాహ్నం దాకా." ఆమె గొంతు ల్యాబ్‌లో రీడింగ్ చెబుతున్నట్టు ఉంది. "మందును కిడ్నీలు వడగట్టేస్తాయి. పెన్నులోది పాము కక్కేదానికి ఎన్నో రెట్లు. కండలో ఆగి ఉంది. మళ్లీ లేస్తుంది."

"మహానంది మందు మంచిది ఒక్క సీసా కూడా లేదా?"

"పాత బ్యాచ్ ముప్పై సీసాలు ఉండేవి. ట్రయల్‌కు పనికిరావని నేనే సంతకం పెట్టి నాశనం చేయించాను."

ఆమె లెక్క గంట కూడా తప్పలేదు. శుక్రవారం మధ్యాహ్నం కనురెప్పలు వాలడం మొదలైంది. మళ్లీ సీసాలు ఎక్కించారు. వెంటిలేటర్ పెట్టారు. శనివారం ఉదయం తొమ్మిదింటికి మహేశ్వరి ఆమె ముఖం మీదికి దుప్పటి లాగింది. రాజంపేట నుంచి వచ్చిన తండ్రి మురళి, బయట బెంచీ మీద కూర్చుని, తన కూతురు ఏ ప్రయోగంలో చనిపోయిందని వీరభద్రను అడిగాడు.

"మంచి మందు కోసం జరిగిన పనిలో సార్," అన్నాడు వీరభద్ర. పూర్తి అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ముసలాయన తలూపాడు.

భువన దగ్గరికి మాత్రం తన అసలు పేరుతో వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె అంతా విని ఒక్క మాటే అడిగింది. "ఆ మేడమ్‌కు నొప్పి తెలిసిందా?"

"తెలిసింది."

ఆమె సంతోషించలేదు. మిషన్ వైపు తిరిగి సూదిలో దారం ఎక్కించడానికి ప్రయత్నించింది. మూడుసార్లు తప్పింది.

*

మూడు నెలల తర్వాత కొత్త బ్యాచ్ తయారైంది. డ్రమ్ములన్నీ సుచరిత రాసిన పరీక్షలో నెగ్గాకే లోపలికి వచ్చాయి. గ్రాఫ్‌లో ఒకటే శిఖరం. ముగ్గురు వేర్వేరు మనుషులు వేర్వేరు ఊళ్లలో చూసి సంతకాలు పెట్టారు.

కడప వార్డు బయట ఆరుగురు సాయుధ పోలీసులు, లోపల నలుగురు డాక్టర్లు, ఇద్దరు డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు. తలుపు పక్కన ఈసారి ఏ వేషమూ లేకుండా వీరభద్ర. మొదటి మంచం మీద మళ్లీ పెద్ద ఈరన్న. వద్దనుకుంటే మానెయ్యొచ్చని డాక్టర్లు రెండుసార్లు చెప్పారు. ఒకసారి ఒప్పుకున్న మాట గదా అన్నాడు.

మందు ట్యూబ్‌లో దిగింది. జానెడు. బెత్తెడు. చేతిలోకి వెళ్లింది. వీరభద్ర గోడ గడియారం వైపు తిరిగాడు. అయిదు నిమిషాలు. పది. అరగంట. మానిటర్ మీద గీత మారకుండా నడుస్తూనే ఉంది.

"ఎట్లుండాది ఈరన్నా?" అడిగింది మహేశ్వరి.

ఈరన్న చెయ్యి తిప్పి చూసుకున్నాడు. కాలు కదిపి చూసుకున్నాడు. చుట్టూ నిలబడ్డ డాక్టర్లను, తలుపు దగ్గర తుపాకులను, గోడకు ఆనుకుని చెమటలు తుడుచుకుంటున్న వీరభద్రను ఒక్కొక్కరినే చూశాడు.

"ఏమీ కాలేదే," అన్నాడు కాస్త నిరాశగా. "దీనికేనాప్పా ఇంతమంది వచ్చినారు?"